బిడియమా, భయమా?

గుడివాడ దగ్గర ఒక పల్లెలో నాట్ల కూలీలతో సమావేశం పెట్టాం. ఒకామె ఎంత అడిగినా నోరు విప్పలేదు. "బిడియం వల్ల మాట్లాడలేదు" అని నివేదికలో రాసేశాను. విజయవాడ వచ్చే బస్సులో గుర్తొచ్చింది: కూలి డబ్బుల్లో కోత పెట్టే మేస్త్రీ ఆ అరుగు మీదే కూర్చుని ఉన్నాడు!

కొత్తవాళ్ళ ముందు ముడుచుకుపోవటం బిడియం. కాదనలేకపోవటం మొహమాటం. పని పోతుందని ఊరుకోవటం భయం. అన్నింటినీ 'ఆడవాళ్ళ సిగ్గు' అనే ఒక్క మూటలో కట్టేస్తున్నాం. మగవాణ్ణి "సిగ్గు లేదా?" అని అడిగేది చేసిన తప్పుకి. స్త్రీని అడిగేది నలుగురిలో గొంతెత్తినందుకు.

ఇది మాటల పట్టింపు కాదు. పనిచోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం కింద ఫిర్యాదుకి గడువు 3 నెలలు. ఆలోగా ఇవ్వలేని పరిస్థితులుంటే, కారణాలు నమోదుచేసి కమిటీ మరో 3 నెలల దాకా పొడిగించవచ్చు. బెదిరింపు ఉన్నచోట మనం "బిడియపడింది" అని రాస్తే లోపం ఆమెదైపోతుంది.

నా నివేదికలో ఆ మాట కొట్టేశాను. మీ నివేదికలూ ఒకసారి తిరగెయ్యండి. ఆమె ఎందుకు మాట్లాడలేదో రాసేముందు, ఎదురుగా ఎవరు కూర్చున్నారో చూద్దాం.