గుండు మీది మాట

మన పల్లెల్లో ఏ ఊరి చరిత్ర అడిగినా ముందుగా ఒక దేవుడో, ఒక రాజో ఎదురొస్తాడు. శామీర్‌పేటకు పొరుగునే వున్న కీసరకు ఇద్దరూ వున్నారు.

దేవుడి కథ అందరికీ తెలిసినదే. రావణుణ్ణి చంపిన పాపం పోవడానికి రాముడు లింగప్రతిష్ఠ తలపెట్టి, హనుమంతుణ్ణి కాశీకి పంపాడు. ముహూర్తానికి అతడు రాలేదు. శివుడే ప్రత్యక్షమై లింగాన్నిచ్చాడు. ఆలస్యంగా వచ్చిన హనుమంతుడు అలిగి, తాను తెచ్చిన లింగాలను గుట్టంతా విసిరేశాడు. ఇప్పటికీ అవి ఆరుబయట ఎండకు ఎండుతూనే వున్నాయి. హనుమంతుడి తండ్రి కేసరి పేరిట కేసరిగిరి, అదే కీసర అయిందంటారు.

రాజుల కథ మట్టిలో వుంది. పురావస్తుశాఖవారు తవ్వితే ఇటుక కట్టడాల పునాదులూ, ప్రాకారపు ఆనవాళ్ళూ బయటపడ్డాయి. విష్ణుకుండినుల కాలం నాటివన్నారు.

నేను వెళ్ళింది యీ రెంటి కోసమూ కాదు. గుట్ట మీద ఒక గుండుకు చెక్కిన ఒక్క మాట కోసం: ‘తొలుచువాన్డ్రు’. అంటే రాళ్ళు తొలిచేవాళ్ళు. 5వ శతాబ్దం నాటిదని పండితుల అంచనా. పూర్తి తెలుగు శాసనంగా మనం చెప్పుకునే కడప జిల్లా కలమళ్ళ శాసనం సుమారు 575 నాటిది. విష్ణుకుండిన రాజులు తామ్రశాసనాలు రాయించుకున్నది సంస్కృతంలో. రాతిపనివాళ్ళకు సంస్కృతంతో ఏం పని? ఉలి చేతిలోనే వుంది, తమ మాట తాము చెక్కుకున్నారు. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా వచ్చినప్పుడు సభలు చేసి దండలు వేసుకున్నాం. వీళ్ళకొక దండ వేయాలని, నాతో సహా, ఎవరికీ తోచలేదు.

గుట్ట కింద కొబ్బరికాయలమ్మే ముసలమ్మ నడిగాను.

“అవ్వా, గుండు మీద రాతలున్నాయట, ఎక్కడ?”

“గవ్వా? ఎన్కటి పెద్దోళ్ళు రాసిండ్రు సారూ. జరంత పైకి వో, అగుపడ్తయి.”

రాసిండ్రు! నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఇరవయ్యేళ్ళుగా మేడ్చల్, శామీర్‌పేట పిల్లల కాగితాల్లో ‘వచ్చిండ్రు, చేసిండ్రు’ కనిపిస్తే చాలు, ఎర్రసిరాతో కొట్టేసి పక్కన ‘వచ్చారు, చేశారు’ అని రాసినవాణ్ణి నేను. ‘వాన్డ్రు’కూ ‘ఇండ్రు’కూ చుట్టరికం తేల్చడానికి వ్యాకరణం ఇంకా నిదానంగా నడవాలి, ఒప్పుకుంటాను. కాని చెవి ఆగదు కదా!

ఒక్క కొబ్బరికాయ కొనుక్కుని పైకి నడిచాను. దిగువన ఔటర్ రింగు రోడ్డు, దానికి అటూ ఇటూ ప్లాట్ల హద్దురాళ్ళు. ఆ వెంచర్ల పేర్లలో తెలుగు మాట వెదికాను, దొరకలేదు.

ఇంటికి వచ్చేసరికి దిద్దవలసిన కాగితాలు బల్ల మీద వున్నాయి. మొదటి దాంట్లోనే ఒక పిల్ల రాసింది, “పాండవులు అడవికి పోయిండ్రు” అని. కలం మూత తీసి చాలాసేపు కూర్చున్నాను. చివరికి మార్కు వేసి కాగితం తిప్పాను.