కారు ఆగాక వచ్చే రెండో దెబ్బ: టూరింగ్ కార్ రేసుల్లో ప్రాణాలు ఎక్కడ పోతున్నాయి?

2023 జనవరి 8, ఆదివారం. చెన్నైకి దగ్గర్లో, శ్రీపెరుంబుదూర్ వైపున్న ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌పై జాతీయ కార్ రేసింగ్ ఛాంపియన్‌షిప్ నడుస్తోంది. సెలూన్ కార్ల రేసులో 59 ఏళ్ళ కె.ఇ. కుమార్ కారు ఇంకో కారును తాకి అదుపు తప్పింది. ట్రాక్ దాటి, కంచెను గుద్దుకుని, పైకప్పు మీద పడింది. వెంటనే ఎర్ర జెండా చూపి రేసు ఆపేశారు. నిమిషాల్లోనే ఆయన్ని బయటికి తీసి, అక్కడి వైద్య కేంద్రంలో చూసి, ఆస్పత్రికి తరలించారు. ప్రాణం దక్కలేదు. కుమార్ కొత్తగా వచ్చిన కుర్రాడేమీ కాదు. ఏళ్ళ తరబడి పోటీల్లో ఉన్న మనిషి, మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ జీవితకాల సభ్యుడు.

ఏడు నెలలు తిరక్కుండానే, ఆగస్టు 5న, అదే ట్రాక్‌పై బైక్ రేసులో బెంగళూరుకు చెందిన 13 ఏళ్ళ బాలుడు చనిపోయాడు.

టీవీలోనో, ఫోన్‌లోనో ఫార్ములా వన్ చూసే మన పిల్లలకు ఈ వార్తలు వింతగా అనిపిస్తాయి. 2020లో బహ్రెయిన్‌లో రొమైన్ గ్రోజాన్ కారు రెండు ముక్కలై మంటల్లో చిక్కుకుంటే, చేతులు కాలినా ఆయన నడిచి బయటికొచ్చిన దృశ్యం వాళ్ళు చూశారు. దాంతో రేసింగ్‌లో ఇప్పుడెవరూ చావరు, అంతా సేఫ్ అన్న నమ్మకం ఏర్పడింది. ఆ నమ్మకం సగమే నిజం. పెద్ద రేసుల్లో భద్రత నిజంగానే చాలా పెరిగింది. మిగతా సగం తెలియాలంటే టూరింగ్ కార్ల వైపు చూడాలి.

టూరింగ్ కార్ అంటే చూడ్డానికి మన వీధిలో ఆగి ఉండే కారే. మన దేశంలో పోలో, హోండా సిటీ, పాత మారుతి ఎస్టీమ్ లాంటివి ఈ పోటీల్లో పరిగెత్తాయి. సీట్లన్నీ పీకేసి, లోపల ఉక్కు గొట్టాల పంజరం బిగిస్తారు. దాన్నే రోల్ కేజ్ అంటారు. ఇరవై, ముప్పై కార్లు గుంపుగా, ఒకదాన్ని ఒకటి రాసుకుంటూ పోతాయి. ఆ రాపిడే ఈ ఆటకు ఆకర్షణ. చిక్కు కూడా దానితోనే.

గత ముప్పై ఏళ్ళలో ఈ రేసుల్లో జరిగిన మరణాలను వరసగా పెట్టి చూస్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చాలాసార్లు డ్రైవర్ ప్రాణం తీసింది మొదటి దెబ్బ కాదు. కారు తిరిగిపోయి ట్రాక్ మీద అడ్డంగా ఆగాక, వెనక నుంచి వచ్చిన ఇంకో కారు డ్రైవర్ తలుపును గుద్దడం.

1995 మార్చి 5న ఆస్ట్రేలియాలోని ఫిలిప్ ఐలాండ్‌లో గ్రెగ్ హాన్స్‌ఫోర్డ్ కారు ట్రాక్ దాటి టైర్ల గోడను గుద్దింది. అక్కడే ఆగిపోయి ఉంటే బతికేవాడేమో. టైర్ల గోడ బంతిని విసిరినట్టు కారును మళ్ళీ ట్రాక్ మీదికే తోసింది. వెనక వస్తున్న కారు 200 కిలోమీటర్లకు పైగా వేగంతో వచ్చి గుద్దింది. ఒకప్పుడు మోటార్‌సైకిల్ గ్రాండ్‌ప్రిలు గెలిచిన మనిషి, 1993లో బాథర్స్ట్ 1000 విజేత. అదే ఏడాది సెప్టెంబర్‌లో బెర్లిన్ దగ్గరి ఆవుస్ ట్రాక్‌పై బ్రిటన్ డ్రైవర్ కీత్ ఓడోర్ ఆ రోజు మొదటి రేసు గెలిచాడు. రెండో రేసులో ఆయన నిస్సాన్ తిరిగిపోయి అడ్డంగా నిలిచింది. ఫ్రాంక్ బీలా నడుపుతున్న ఆడి వచ్చి పక్క నుంచి తగిలింది. ఓడోర్ బతకలేదు.

ఎందుకిలా? కారు ముందు భాగంలో ఇంజిన్ ఉంటుంది, నలిగిపోయి దెబ్బను మింగడానికి మీటరుకు పైగా చోటుంటుంది. పక్కన అంత చోటెక్కడిది? తలుపుకీ మనిషి తుంటికీ మధ్య జానెడు. పైగా 200 కిలోమీటర్ల వేగంలో కారు ఒక్క సెకనులో 55 మీటర్లు దాటిపోతుంది. మలుపు అవతల ఏముందో కనపడేసరికి బ్రేకు మీద కాలు వేసే టైమే ఉండదు. ఆ సెకనులో డ్రైవర్‌కు దిక్కు పక్కన నిలబడి పసుపు జెండా ఊపే మార్షల్ ఒక్కడే. ఈ మార్షళ్ళు చాలా చోట్ల జీతగాళ్ళు కాదు, ఆట మీద ఇష్టంతో సెలవు పెట్టుకుని వచ్చే వాలంటీర్లు. ఎండలో రోజంతా నిలబడతారు. ఒక డ్రైవర్ ప్రాణం వాళ్ళ చూపు మీద ఆధారపడి ఉంటుందన్న సంగతి ట్రోఫీలిచ్చే వేళ ఎవరికీ గుర్తుండదు.

ఇక రెండో విషయం. నా దృష్టిలో ఇదే ముఖ్యమైనది. 2006 తర్వాతి జాబితా చూడండి. 2006 అక్టోబర్‌లో బాథర్స్ట్‌లో న్యూజిలాండ్ డ్రైవర్ మార్క్ పోర్టర్. కారు తిరిగి నిలిచిపోయాక ఇంకో కారు గుద్దింది, రెండు రోజులకు ఆస్పత్రిలో చనిపోయాడు. అది ప్రధాన రేసు కాదు, దాని కింద జరిగే సపోర్ట్ రేసు. 2007 డిసెంబర్‌లో బ్రెజిల్‌లోని ఇంటర్‌లాగోస్‌లో 26 ఏళ్ళ రఫాయెల్ స్పెరాఫికో. గోడకు తగిలి వెనక్కి ట్రాక్ మీదికొచ్చిన కారును ఇంకో కారు గుద్దింది, గుద్దిన డ్రైవర్ కూడా తీవ్రంగా గాయపడ్డాడు. అది స్టాక్ కార్ లైట్ రేసు, అంటే రెండో శ్రేణి. 2008 ఫిబ్రవరిలో అడిలైడ్ వీధి ట్రాక్‌పై 27 ఏళ్ళ ఆష్లీ కూపర్ గోడకు గుద్దుకుని చనిపోయాడు. అదీ రెండో శ్రేణే. 2011 ఏప్రిల్‌లో మళ్ళీ ఇంటర్‌లాగోస్, స్పెరాఫికో పోయిన మలుపులోనే, వానలో గుస్తావో సోండెర్‌మన్. అదీ చిన్న రేసే.

అన్నీ అలా కాదు, నిజమే. అదే 2011 నవంబర్‌లో అర్జెంటీనాలోని బాల్కార్సేలో 22 ఏళ్ళ గిడో ఫలాస్కీ చనిపోయింది ఆ దేశంలో అత్యంత పేరున్న తురీస్మో కార్రెతేరా రేసులో. అక్కడా మళ్ళీ అదే కథ: టైర్ల గోడ, వెనక్కి తిరుగు, ఇతర కార్లు. అయినా మొత్తంగా చూస్తే చావు పెద్ద వేదిక కన్నా పక్క వేదిక మీదే ఎక్కువ తచ్చాడుతోంది. పెద్ద రేసుకు కొత్త డిజైన్ కార్లు వస్తాయి. వాళ్ళు వాడేసిన పాత కార్లు కింది శ్రేణికి దిగుతాయి. ట్రాక్ అదే, వేగం కొంచెం తక్కువ, కారు మాత్రం పాత తరానిది, డ్రైవర్‌కు అనుభవం తక్కువ. జేబు కూడా చిన్నది.

భద్రత ఎలా పెరిగిందో చూస్తే ఈ జేబు సంగతి ఇంకా అర్థమవుతుంది. హాన్స్ అనే పరికరం ఉంది. భుజాల మీద కాలర్‌లా కూర్చుంటుంది, హెల్మెట్‌కు పట్టీలతో కట్టి ఉంటుంది. కారు గోడకు గుద్దితే బెల్టు ఒంటిని ఆపుతుంది, తలను ఆపేవాళ్ళెవరు? తల ముందుకు విసురుగా పోయి పుర్రె అడుగు భాగం చిట్లుతుంది. హాన్స్ ఆ విసురును ఆపుతుంది. అమెరికాలో రాబర్ట్ హబ్బర్డ్ అనే ప్రొఫెసర్, ఆయన బంధువు, రేసర్ జిమ్ డౌనింగ్ కలిసి దీన్ని 1980ల్లోనే తయారు చేశారు. మెడ పట్టేస్తోందని, ఇబ్బందిగా ఉందని చాలామంది డ్రైవర్లు పెట్టుకోలేదు. 2001 ఫిబ్రవరిలో డేటోనాలో డేల్ ఎర్న్‌హార్డ్ లాంటి దిగ్గజం పోయాక, ఆ అక్టోబర్‌లో గానీ నాస్కార్ అలాంటి పరికరాన్ని తప్పనిసరి చేయలేదు. అప్పటికి దాదాపు పదేళ్ళుగా ఆ వస్తువు బజార్లో ఉంది.

ట్రాకుల మార్పూ ఇంతే. 1986లో బాథర్స్ట్ కాన్రాడ్ స్ట్రెయిట్‌పై మైక్ బర్గ్‌మన్ చనిపోయాకే, మరుసటి ఏడు వేగం తగ్గించడానికి అక్కడ కొత్త మలుపు కట్టారు. దాని పేరు ఛేజ్. 1994లో ప్రాక్టీసులో బ్రేకులు ఫెయిలై డాన్ వాట్సన్ చనిపోయింది ఆ ఛేజ్ దగ్గరే. ఒక ప్రమాదానికి వేసిన మందు ఇంకో ప్రమాదానికి చోటిచ్చింది. అందుకే ఒకసారి ట్రాక్ సర్టిఫికెట్ వచ్చింది కదా అని కూర్చుంటే కుదరదు, ఏటేటా చూసుకోవాల్సిందే.

మన దగ్గరికొద్దాం. నగరాల నడిబొడ్డున రేసులు పెట్టాలన్న మోజు మన ప్రభుత్వాలకూ పట్టింది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ జరిగినప్పుడు, కార్లు ట్రాక్ ఎక్కాల్సిన వేళ మామూలు బండ్లు లోపలికొచ్చేశాయి, ప్రాక్టీస్ ఆలస్యమైంది. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. జనం నవ్వుకున్నారు, మీమ్స్ చేసుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. 2024 ఆగస్టు చివర్లో చెన్నై వీధి రేసుకు అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌ఐఏ సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. కార్యక్రమం ఆలస్యమైందని విసుక్కున్నవాళ్ళున్నారు. ఆ ఆలస్యమే సరైన పద్ధతి అని నా అభిప్రాయం. ఇబ్బందేమిటంటే కెమెరాలు, మంత్రులు ఉన్న రేసుకే ఇంత పట్టింపు కనిపిస్తుంది. సొంత డబ్బుతో కారు తయారు చేసుకుని, ఆదివారం పొద్దున్న, వందమంది కూడా చూడని రేసులో దిగే మనిషికి అదే కొలత వర్తించాలి కదా?

ఇంకో మాట, పక్కదారి అయినా చెప్పాలి. ఈ వీడియోలు చూసి మన ఊళ్ళలో కుర్రాళ్ళు సొంత కార్లలో రోల్ కేజ్ బిగించుకుంటున్నారు, స్టైల్‌గా ఉంటుందని. రేసులో ఆ గొట్టాలు కాపాడేది హెల్మెట్, ఆరు పట్టీల బెల్టు, తలను పట్టి ఉంచే సీటు ఉన్నప్పుడే. హెల్మెట్ లేకుండా రోడ్డు మీద చిన్న గుద్దు తగిలినా తల వెళ్ళి ఆ ఉక్కుకే కొట్టుకుంటుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారే దానికన్నా మేలు.

నిజంగా రేసింగ్ నేర్చుకుంటానని పట్టుబట్టే పిల్లలున్న ఇళ్ళూ ఉన్నాయి. వద్దని గదిలో కూర్చోబెడితే రాత్రిపూట రింగ్ రోడ్డెక్కుతారు, దానికన్నా ట్రాకే నయం. కానీ నిర్వాహకులు ఇచ్చే కాగితం మీద తండ్రి సంతకం పెట్టేముందు కొన్ని అడగాలి. ఈ కారు ఏ సంవత్సరం తయారీ, డ్రైవర్ పక్క తలుపులో దెబ్బ తగ్గించే ఫోమ్ ఉందా? హాన్స్ తప్పనిసరా, ఇష్టమైతేనా? ట్రాక్‌పై టైర్ల గోడలు ఎక్కడెక్కడున్నాయి, కారును వెనక్కి విసరకుండా వాటిని కలిపి కట్టారా? ఎన్ని మలుపుల్లో మార్షళ్ళుంటారు? డాక్టర్, అంబులెన్స్ ఎంత దూరంలో ఉంటారు, పెద్దాస్పత్రికి ఎన్ని నిమిషాలు? ఇంతకుముందు ఈ ట్రాక్‌పై ప్రాణం పోయినప్పుడు చేసిన విచారణ నివేదిక చదవడానికి ఇస్తారా?