సంచి చీటీ చదివే కొనండి

విత్తనం కొనేటప్పుడు రైతు సోదరులు సంచి మీద బొమ్మ చూస్తారు, ధర అడుగుతారు. సంచికి కుట్టిన చీటీని మాత్రం పట్టించుకోరు.

నీలం చీటీ ఉంటే అది ధ్రువీకరణ విత్తనం. ధ్రువీకరణ సంస్థవారు పొలం తనిఖీ చేసి, మొలక, శుద్ధత పరీక్షించినది. ఆకుపచ్చ చీటీ ట్రూత్‌ఫుల్ లేబుల్. అది నాసిరకమని కాదు. నాణ్యతకు అమ్మే కంపెనీ మాటే పూచీ అని.

వరికి కనీస మొలక శాతం 80. అంటే 100 గింజల్లో 80 మొలవాలి. తడి గోనెలో 100 గింజలు చుట్టి పెడితే నిజం తేలిపోతుంది.

ఈ మాటలు ఇంగ్లీషులో అచ్చేస్తే రైతుకేం లాభం? తెలుగులోనే వేయాలి. అందాకా ఎవరిచేతనైనా చదివించుకుని కొనండి. చీటీ, బిల్లు పంట చేతికొచ్చేదాకా దాచండి. విత్తనం దగా చేస్తే మీకు సాక్ష్యం అవే.