ఉప్పు గాలిలో సామాన్ల పెట్టె

రొయ్యల చెరువులో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువగా ఉండేది తెల్లవారుజామున. పగలు నీళ్లలోని నాచు ఎండ సాయంతో ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి అదే నాచు రొయ్యలతో పోటీపడి దాన్ని వాడుకుంటుంది. సరిగ్గా ఆ వేళకు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ ఆగిపోతే రైతు ఫోన్ చేసేది మెకానిక్కుకే. చీకట్లో గట్టు మీద నిలబడి, సెల్‌ఫోను లైటు నోట కరుచుకుని, పదమూడో నంబరు పానా కోసం పెట్టె అడుగుదాకా వెతికే పది నిమిషాలు ఎంత ఖరీదైనవో అప్పు తెచ్చి చెరువు వేసిన వాళ్లకు తెలుసు.

మా తమ్ముడిది ఆ పనే. భీమవరం చుట్టుపక్కల ఊళ్లలో ఏరియేటర్లు, జనరేటర్లు బాగుచేస్తాడు. పాత టాటా ఏస్ ఒకటి కొని సర్వీసు బండిగా మార్చుకుంటున్నాడు. ఇక దాని మీద ఎలాంటి పెట్టె పెట్టాలన్న దగ్గర నెల రోజులుగా ఆగిపోయాం. వాడి మనసు సొరుగులున్న రెడీమేడ్ టూల్ క్యాబినెట్ మీద ఉంది. నేను మొదటినుంచీ వెల్డింగ్ షాపులో చేయించమనే చెబుతున్నాను. ఇద్దరి మాటలోనూ పస ఉంది కాబట్టే ఇంత కాలం పట్టింది.

ముందు వాడి పక్షం. పైమూత పెట్టెలో సామాను ఒకదాని మీద ఒకటి పడుతుంది. బేరింగ్ పుల్లర్ కింద టెస్టర్, దాని కింద సర్‌క్లిప్ ప్లయరు. సొరుగుల్లో అలా కాదు. పానాలన్నీ ఒక సొరుగులో వరసగా పడుకుంటాయి, ఒకటి తగ్గితే ఖాళీ చోటే చెబుతుంది. గట్టు మీద మరిచిపోయిన సామాను ఏడాదికి ఎంతవుతుందో లెక్క వేస్తే ఈ ఒక్క గుణమే పెట్టె ఖర్చులో కొంత తిరిగి ఇస్తుంది. కంపెనీ పెట్టెకు పౌడర్ కోటింగ్ కూడా ఉంటుంది. పొడి చల్లి దాదాపు 200 డిగ్రీల ఓవెన్‌లో కాల్చిన పూత అది. బ్రష్షుతో వేసిన రెడ్ ఆక్సైడ్ దానికి సాటి రాదు. "అన్నయ్యా, చీకట్లో చెయ్యి పెడితే కావాల్సింది చేతికి తగలాలి, నాకు అంతే కావాలి" అంటాడు వాడు. ఆ మాటకు నా దగ్గర ఎదురుమాట లేదు.

నా అభ్యంతరం సొరుగుల మీద కాదు, అవి ఏ చోటు కోసం తయారయ్యాయన్న దాని మీద. చాలా క్యాబినెట్లు గచ్చు నేల మీద కదలకుండా ఉండే గ్యారేజీ కోసం చేసినవి. చెరువు గట్ల గుంతల్లో బండి ఎగిరినప్పుడల్లా నిండు సొరుగు బరువు అది జారే చానెల్‌లోని చిన్న చిన్న బాల్స్ మీద దెబ్బలా పడుతుంది. బయట అడ్డపట్టీ లేకపోతే మలుపులో సొరుగే తెరుచుకుంటుంది. ఇక ఉప్పు. చెరువు నీళ్లు ఉప్పువి, ఏరియేటర్ వాటిని రోజంతా గాల్లోకి చిమ్ముతుంది, ఆ తుంపరలోనే మా వాడి పని. చానెల్‌లోకి ఉప్పు తేమ, ఇసుక చేరితే సొరుగు ముందు గరగరలాడుతుంది, తర్వాత ఇరుక్కుంటుంది. పౌడర్ కోటింగ్‌కు ఒక్కచోట గీత పడినా తుప్పు ఆ పూత కిందనుంచి పాకుతుంది. పైకి కనిపించేసరికి రేకు తినేసి ఉంటుంది.

బరువు సంగతి కూడా చూడాలి. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు పెట్టెకు ఆరు వైపులా కలిపి 40 చదరపు అడుగుల రేకు పడుతుంది. 18 గేజి, అంటే సుమారు 1.2 మిల్లీమీటర్ల ఇనుప రేకైతే 35 కిలోలు. సొరుగులు, చానెళ్లు, ఫ్రేము చేరితే అది రెట్టింపు దాకా పోతుంది. 2005లో టాటా ఏస్ వచ్చినప్పుడు అది మోసే బరువు 750 కిలోలు. అందులో దాదాపు పదో వంతు ఖాళీ పెట్టెకే పోతే, మోటార్లు, గేర్‌బాక్సులు ఎక్కించేటప్పుడు ఆలోచించుకోవాలి.

అల్యూమినియం తేలిక. 2 మిల్లీమీటర్ల రేకుతో అదే పెట్టె 20 కిలోలకు వస్తుంది. కానీ ధర ఎక్కువ, మా పక్క దాన్ని చక్కగా అతికే వెల్డరు దొరకడం కష్టం. పైగా ఉప్పు తేమలో ఇనుప బోల్టు తగిలిన చోట అల్యూమినియమే తినుకుపోతుంది. ప్లాస్టిక్ పెట్టెకు తుప్పు బెడద లేదు కానీ ఎండలో ఏళ్ల తరబడి ఉంటే పెళుసెక్కుతుంది, ముందు క్లిప్పులు విరుగుతాయి. నీడలో అయితే అది మంచిదే.

వెల్డింగ్ షాపు పెట్టెకూ లోపాలున్నాయి, అవి దాచను. షాపులో కిలో లెక్కన ధర చెబుతారు, బరువు పెరిగితే బిల్లు పెరుగుతుంది. కొలత ముందే కాగితం మీద గీసి ఇవ్వకపోతే మనకు అక్కర్లేని మందం అంటగడతారు. జీఐ రేకు వాడితే తుప్పు పట్టదనుకుంటారు చాలామంది. దాని మీద కాపలా ఉన్నది జింకు పొర. జింకు 419 డిగ్రీలకే కరుగుతుంది, వెల్డింగ్ ఆర్క్ ముందు అది నిలవదు. అందుకే తుప్పు ఎక్కువగా అతుకు దగ్గరే మొదలవుతుంది. వీలైనంత వరకు రేకును మడిచి రివెట్లు కొట్టించాలి, వెల్డింగ్ తప్పని చోట గీకి శుభ్రం చేసి జింకు పెయింటు పూయించాలి. వెల్డింగ్‌లో జింకు కాలి లేచే తెల్ల పొగ పీల్చిన వెల్డరుకు రాత్రికి జ్వరం రావచ్చు. పని ఆరుబయట చేయమని మనమే అడగాలి.

మూతకు రబ్బరు బీడింగ్ వేసి గాలి చొరకుండా చేయించాలని మొదట నేనే అన్నాను. అది పొరపాటు. వాన బయట ఆగుతుంది, కానీ తడి చేతులతో లోపల పెట్టిన పానాల తేమ బయటికి పోదు. బీడింగ్ ఉండాలి, అడుగు మూలల్లో నీరు పోయే చిన్న రంధ్రాలూ ఉండాలి, సామాను కింద చెక్క రీపర్లు ఉండాలి. వారానికోసారి నూనె గుడ్డతో తుడవాల్సిందే. ఆ పని ఏ పెట్టే మన తరఫున చేయదు.

చివరికి వాడూ నేనూ ఒప్పుకున్నది ఇది. బయటి పెట్టె వెల్డింగ్ షాపులో జీఐ రేకుతో, పక్కకు తెరిచే రెండు తలుపులతో. లోపల బరువు సామానుకు కింద గట్టి అర. పైన రెండే రెండు లోతు తక్కువ సొరుగులు, చానెళ్లు లేకుండా నైలాన్ పట్టీల మీద జారేవి, ముందు అడ్డపట్టీతో. మీటర్లు, టెస్టర్లు మధ్య అరలో ప్లాస్టిక్ డబ్బాల్లో. పెట్టెను క్యాబిన్‌కు ఆనించి నాలుగు 10 మిల్లీమీటర్ల బోల్టులతో, బాడీ కింద ప్లేట్లు వేసి బిగించాలి. బండి మీద వెల్డింగ్ చేయించకూడదు, తప్పదంటే ముందు బ్యాటరీ తీగ విప్పాలి.

పట్నంలో లిఫ్టులు, ఏసీలు బాగుచేసే మెకానిక్కు అయితే నేను ఈ మాట చెప్పను. తారు రోడ్ల మీద, పొడి గాలిలో తిరిగే బండికి మా తమ్ముడు కోరుకున్న క్యాబినెట్టే సరైనది, డబ్బుంటే కొనుక్కోండి. ఉప్పు నీళ్ల పక్కన పనిచేసే వాళ్లు మాత్రం ఖర్చు తగ్గించాలంటే సొరుగుల్లో తగ్గించుకోండి, బందులూ బోల్టులూ స్టెయిన్‌లెస్ స్టీలువే వేయించండి.