ఆ అరవై నిమిషాలు మన అమ్మాయికీ కావాలి

జూనియర్ మహిళల హాకీ ప్రపంచకప్ సంగతి మన ఇళ్లలో ఎప్పుడోగాని చర్చకు రాదు. అమ్మాయిలు సెమీస్‌కు చేరితేనో, పతకం తెస్తేనో పేపర్లో ఫొటో పడుతుంది. 21 ఏళ్లలోపు ఆడపిల్లలు దేశాల తరఫున ఆడే ఈ టోర్నీ 1989లో కెనడాలోని ఒట్టావాలో మొదలైంది. 2013లో జర్మనీలో మన జట్టు షూటౌట్‌లో 3-2తో ఇంగ్లాండ్‌ను ఓడించి తొలిసారి కాంస్యం గెలిచింది. 2022లో దక్షిణాఫ్రికాలోని పొచెఫ్‌స్ట్రూమ్‌లో అదే ఇంగ్లాండ్ చేతిలో, అదే షూటౌట్‌లో ఓడి నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది. 2023లో చిలీలో తొమ్మిదో స్థానం. జూనియర్ ఆసియా కప్ మాత్రం 2023లో జపాన్‌లో, 2024లో మస్కట్‌లో వరుసగా మనదే.

ఈ మ్యాచ్‌లు చూసేటప్పుడు డాక్టరుగా నా కళ్లు స్కోరుబోర్డు మీద కంటే గడియారం మీదే ఉంటాయి. పదిహేనేసి నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు, మొత్తం 60 నిమిషాల ఆట. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న లెక్కా అదే. యాదృచ్ఛికమే అయినా గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది. 2016 నాటి లెక్కల ప్రకారం ప్రపంచవ్యాప్తంగా 11 నుంచి 17 ఏళ్ల అమ్మాయిల్లో 85 శాతం మందికి ఆ మాత్రం శారీరక శ్రమ లేదు. అబ్బాయిలూ పెద్ద గొప్పేం కాదు, 78 శాతం.

మైదానంలో ఉన్న అమ్మాయిలు ఎవరి పిల్లలో చూడండి. 2013 టోర్నీలో ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచిన రాణీ రాంపాల్ తండ్రి హర్యానాలోని షాబాద్‌లో బండి లాగేవారు. శిక్షణకు వచ్చే ప్రతి పిల్లా అర లీటరు పాలు తెచ్చుకోవాలని నియమం ఉంటే, ఇంట్లో 200 మిల్లీలీటర్లే కొనగలిగేవారని, మిగతాది నీళ్లు కలిపి తాగేదాన్నని ఆమే చెప్పారు. 2022 జట్టు కెప్టెన్ సలీమా టెటే జార్ఖండ్‌లోని సిమ్‌డేగా జిల్లా పల్లెటూరి అమ్మాయి. అదే జట్టులోని ముంతాజ్ ఖాన్ తల్లిదండ్రులు లక్నోలో కూరగాయలు అమ్ముతారు. సీనియర్ జట్టుతో టోక్యో ఒలింపిక్స్‌కు వెళ్లిన మన గోల్‌కీపర్ రజనిదీ అప్పటి చిత్తూరు జిల్లాలోని ఎనుమలవారిపల్లె. పేదరికం ఉంటేనే ఆట వస్తుందని నేను అనడం లేదు, అర్ధాకలితో పరుగెత్తడంలో గొప్పతనమేమీ లేదు. ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్లకు కొదవలేని మన ఇళ్లలో, ఆడపిల్ల ఆట పన్నెండో ఏట ఎందుకు ఆగిపోతోందన్నదే నా ప్రశ్న.

ఎలా ఆగిపోతోందో నాకు ఓపీలో కనిపిస్తుంది. జూన్, జులై నెలల్లో ఎప్పుడూ మా ఆసుపత్రి గడప తొక్కని కుటుంబాలు కూడా వస్తాయి. స్కూలు వాళ్లు గవర్నమెంట్ డాక్టరు సంతకమే కావాలన్నారట. అమ్మాయికి ఆటల పీరియడ్ నుంచి మినహాయింపు ఇవ్వమని సర్టిఫికెట్ అడుగుతారు. జబ్బేమిటంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ‘పెద్దమనిషైంది కదండీ’ అంటుంది తల్లి. ‘ఫౌండేషన్ క్లాసులున్నాయి సార్’ అంటాడు తండ్రి. ఎండలో నల్లబడుతోందన్న అసలు మాట చివర్లో, గొంతు తగ్గించి, బామ్మగారు చెబుతారు.

నెలసరి మొదలవడం ఆట మానడానికి కారణం కాదు. ఆ మూడు నాలుగు రోజులూ ఒంట్లో బాగుంటే నిక్షేపంగా ఆడొచ్చు. నొప్పి ఉంటే విశ్రాంతి, మరీ ఎక్కువైతే వైద్యం. ఆడితే గర్భసంచి జారుతుందన్నది, పిల్లలు పుట్టరన్నది వట్టి భయం. రంగు సంగతి వైద్యశాస్త్రం పరిధిలోది కాదు కాబట్టి దానికి నా దగ్గర మందు లేదు.

అసలు పోగొట్టుకుంటున్నది వేరే ఉంది. ఆడపిల్లలు పన్నెండేళ్ల అటూఇటుగా ఒక్కసారిగా ఎత్తు పెరుగుతారు. పెద్దయ్యాక ఎముకల్లో ఉండే ఖనిజంలో దాదాపు నాలుగో వంతు ఆ రెండేళ్లలోనే చేరుతుంది. అది బాగా చేరాలంటే కాల్షియం ఒక్కటే చాలదు, ఎముక మీద బరువు పడాలి. పరుగెత్తడం, ఆగడం, గిరుక్కున తిరగడం, గెంతడం. హాకీలో ఇవన్నీ ఉంటాయి. ఖోఖో, కబడ్డీ, రింగ్ టెన్నిస్‌లో కూడా ఉంటాయి కాబట్టి స్టిక్ కొనాల్సిన పని లేదు. యాభై దాటాక మోకాళ్లు, నడుము పట్టుకుని మా దగ్గరకొచ్చే అమ్మలు ఈ మాట వినాలి. మీ అమ్మాయికి ఆ ఖాతాలో జమ వేసుకునే సమయం ఇప్పుడే.

‘ఆడితే అలిసిపోతోంది, అందుకే మాన్పించాం’ అనేవాళ్లూ ఉన్నారు. అలిసిపోవడం ఆట తప్పు కాకపోవచ్చు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. నెలనెలా రక్తం పోతుంటుంది, తిండిలో ఇనుము తక్కువ, అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఉన్న ఇనుమూ సరిగా ఒంటపట్టదు. మెట్లెక్కితే ఆయాసం, చదువు మీద ధ్యాస నిలవకపోవడం, మైదానంలో పది నిమిషాలకే కూలబడటం ఇందువల్ల కావచ్చు. ఒక్క రక్తపరీక్ష చేయిస్తే తెలుస్తుంది. పన్నెండేళ్లు దాటిన అమ్మాయికి హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనతే. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో వారానికో నీలిరంగు ఐరన్ మాత్ర ఇచ్చే పథకం ఉంది. ప్రైవేటు స్కూలుకు పంపే మధ్యతరగతి ఇంటి పిల్లకు మాత్రం అది అందడం అరుదు, ఇంట్లోవాళ్లకు ఆ ఆలోచనా రాదు. డాక్టరుకు చూపించి మాత్రలు వేయిస్తే, కొన్ని నెలల్లో అదే పిల్ల మళ్లీ మైదానంలో నిలబడుతుంది.

తల్లిదండ్రుల భయాల్లో నిజమైనవీ ఉన్నాయి. హాకీ బంతి గట్టిది, 160 గ్రాముల దాకా బరువుంటుంది. షిన్ గార్డులు, పళ్లకు మౌత్‌గార్డు లేకుండా మ్యాచ్‌కు దింపకూడదు. మోకాలి లోపలి లిగమెంటు తెగడం కూడా ఈ వయసు అబ్బాయిల కంటే అమ్మాయిల్లో ఎక్కువ. ఆటకు ముందు పదిహేను, ఇరవై నిమిషాలు వార్మప్‌తో పాటు గెంతి సరిగ్గా కాలు ఆనించడం నేర్పిస్తే ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది. కోచ్ ఎలాంటివాడోనన్న అనుమానం వస్తే వెళ్లి చూడండి, నాలుగు రోజులు మైదానం పక్కనే కూర్చోండి. అడిగే హక్కు మీకుంది.

వెళ్లినప్పుడు మరుగుదొడ్డి కూడా చూసి రండి. అది లేకో, లోపల కాలు పెట్టలేకో పొద్దుట్నుంచీ గుక్కెడు నీళ్లు తాగకుండా సాయంత్రం ఆటకు దిగే పిల్లలున్నారు. మూత్రంలో మంట, జ్వరం అంటూ వచ్చే ఆడపిల్లల్లో వీళ్లూ ఉంటారు. పేరెంట్స్ మీటింగుల్లో ర్యాంకుల గురించి గంట మాట్లాడే మనం దీని గురించి అయిదు నిమిషాలు నిలదీస్తే, ఏ యాజమాన్యమైనా తలుపుకు గడియ, నీళ్లు, ప్యాడ్ పడేసే డబ్బా ఏర్పాటు చేయక తప్పదు.

ఇక నిజంగానే ఆటలో పైకి వెళ్తున్న అమ్మాయిల విషయం. రోజుకు మూడు నాలుగు గంటలు సాధన చేస్తూ, బరువు పెరుగుతుందేమోనని తిండి తగ్గించేవాళ్లు ఉంటారు. అలాంటి అమ్మాయికి వరుసగా మూడు నెలలు నెలసరి రాకపోతే ‘ఆటగత్తెలకు మామూలే’ అని ఎవరన్నా నమ్మవద్దు. ఖర్చయ్యే శక్తికి తగ్గ తిండి లేనప్పుడు శరీరం ముందు అండాశయాల పని తగ్గిస్తుంది, తర్వాత ఎముకలు బలహీనపడతాయి. గైనకాలజిస్టుకు చూపించండి. ఉదయం ప్రాక్టీసుకు ముందు ఏం తింటోంది, వచ్చాక ఏం తింటోంది, ఓ వారం రోజులు కాగితం మీద రాసి ఆ కాగితం కూడా వెంట తీసుకెళ్లండి.