వాకిలి తీయని యంత్రం

ఈ టపాలో ఒక పాత కంప్యూటరు ఆట గురించి, ఆ మిషతో మన తెలుగు గురించి నాలుగు మాటలు చెప్పదలచాను.

ఒకప్పుడు బొమ్మలు లేని ఆటలు ఉండేవి. మీరొక గుహ ముందు నిలబడి ఉన్నారు, దారి లోపలికి పోతోంది అంటూ తెర మీద రెండు వాక్యాలు కనబడతాయి. మనమేం చేయదలచామో టైపు చేస్తే, తరువాత ఏమైందో యంత్రం చెబుతుంది. ఈ తరహాకు ఆద్యుడు విల్ క్రౌథర్. కెంటకీలోని మామత్ గుహల్లో తాను తిరిగి కొలిచిన భాగాన్నే 1975-76 ప్రాంతంలో తన కూతుళ్ళ కోసం ఫోర్‌ట్రాన్‌లో ఆటగా రాశాడు. 1977లో డాన్ వుడ్స్ దానిని పెంచాడు. పోయిందనుకున్న క్రౌథర్ తొలిప్రతి 2005లో స్టాన్‌ఫర్డులో, వుడ్స్ విద్యార్థిగా వాడిన ఖాతా తాలూకు నిల్వల్లో దొరికింది. ఆ ఆట తరువాతి రూపాన్ని 2017లో ఎరిక్ రేమండ్ నేటి సి భాషలోకి తెచ్చాడు.

వేంపల్లెలో కూర్చుని నేనూ ఆ పనికి పూనుకున్నాను. మొదట క్రౌథర్ గుహనే తెలుగు చేయబోయాను. పది గదులు దాటేసరికి విసుగు పుట్టింది. నేను చూడని గుహను చూసినట్టు వర్ణించడం ఎంతకాలం? ఆ ఆటకు బలం, రాసినవాడు ఆ చీకట్లో నడిచి ఉండడమే. మాకు ఉత్తరాన, జమ్మలమడుగు అవతల కొలిమిగుండ్ల దగ్గర బెలూం గుహలు ఉండనే ఉన్నాయి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటిని ప్రస్తావించాడు. 1982-84 మధ్య హెర్బర్ట్ డేనియల్ గెబవర్ నాయకత్వాన జర్మన్ బృందం కొలిచింది. పొడవు 3,229 మీటర్లు. పిల్లిద్వారం, కోటిలింగాలు, సప్తస్వరాల గుహ, అడుగున పాతాళగంగ. గదుల పేర్లు నేను కల్పించనవసరమే లేకపోయింది.

పైతాన్‌లో రాశాను. పాత పద్ధతిలోనే రాద్దామంటే తెలుగుకు ఇబ్బంది ఉంది. ఆ ఆటలకు వాడుకలో ఉన్న జడ్-మెషీన్ ఐదవ రూపం ఒక పదంలో తొమ్మిది సంకేతాలనే గుర్తు పెట్టుకుంటుంది. అమరిక మార్చకపోతే తెలుగు అక్షరం ఒక్కొక్కటి నాలుగేసి సంకేతాలు మింగుతుంది. అంటే దానికి తలుపూ తలగడా ఒకటే! నేటి పరికరాలతో ఆ పీడ లేదు.

దసరా సెలవులకు వచ్చిన మా అక్క కూతురిని ఆట ముందు కూర్చోబెట్టాను. ఇంగ్లీషు మీడియంలో ఏడవ తరగతి. మనం లేఖినిలో అలవాటు పడ్డ పద్ధతిలోనే, ఆంగ్ల అక్షరాలు కొడితే తెలుగు పడే ఏర్పాటు చేశాను. క్రౌథర్ ఆటలో లాగే మొదట ఒక చిన్న ఇల్లు, లోపల దీపం. పిల్ల 'వాకిలి తీ' అని కొట్టింది. అర్థం కాలేదంది యంత్రం. 'బీగం తీ' అంది. అదీ అర్థం కాలేదు. "మామా, దీనికి తెలుగు రాదా?" అని అడిగింది.

నాకు సిగ్గు వేసింది. నేను యంత్రానికి నేర్పినవి తలుపు, తాళం, తెరువు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఇంట్లో వాకిలి, బీగం అంటున్నవాడిని, ప్రోగ్రాము రాయడానికి కూర్చోగానే పాఠ్యపుస్తకమైపోయాను.

లోపం మాటల్లోనే కాదు, వాక్యంలోనూ ఉంది. ఆంగ్ల ఆటలో క్రియ ముందు వస్తుంది. 2006లో వచ్చిన ఇన్‌ఫార్మ్ 7 వంటి మంచి పరికరం కూడా ఆజ్ఞలో మొదటి మాటనే క్రియగా చూస్తుంది. మనకు క్రియ చివర. 'రాతితో బీగం పగలగొట్టు' అన్నా, 'బీగం రాతితో పగలగొట్టు' అన్నా ఒకటే. స్థానం కాదు, విభక్తి చెబుతుంది ఏది దేనితో అన్నది. కాబట్టి వాక్యాన్ని తోక వైపు నుంచి విప్పాలి. తీరా 'తో' కత్తిరిస్తే మిగిలేది రాతి, రాయి కాదు. ఇల్లు ఇంటి అవుతుంది, చేయి చేతి అవుతుంది. బడిలో బట్టీ పట్టి మరచిన ఔపవిభక్తికాలు ఇన్నేళ్ళకు ఇలా పనికొచ్చాయి.

ఇంత శ్రమ దేనికి, మీటలు పెడితే పోదా అన్నాడొక స్నేహితుడు. కృత్రిమ మేధకు అప్పగిస్తే ఎలా రాసినా గ్రహిస్తుంది కదా అన్నాడు మరొకడు. రెండూ సులువైన దారులే. కానీ మీట నొక్కే పిల్ల తెలుగు రాయదు. ఇక కృత్రిమ మేధ గ్రహిస్తుంది నిజమే, అయితే మా ఊరి మాటలను ఏరి ఒకచోట పెట్టే పని నాకు తప్పిపోతుంది. నాకు కావలసింది ఆ పనే. పాత ఆటను తిరిగి కట్టడమంటే దాని నల్లటి తెరను, ఆకుపచ్చ అక్షరాలను అనుకరించడం కాదని నా అభిప్రాయం. ఆడేవారు తమ మాటలో అడగడం, రాసినవారు ఆ మాటకు ముందే సిద్ధపడి ఉండడం, నిలుపుకోవలసింది ఇదీ.

ఆ రాత్రి వాకిలి, బీగం, తీ, పో చేర్చాను. మరునాడు పిల్ల దీపం తీసుకుని పిల్లిద్వారం దాకా పోయింది. బడిలో పరీక్షకు తప్ప తెలుగు రాయని పిల్ల, పూటంతా తెలుగు రాసింది. నడుమ రెండు చోట్ల యంత్రాన్ని తిట్టింది కూడా. ఆ తిట్లు మాత్రం ఇంకా పట్టికలో చేర్చలేదు.

తెలంగాణ మిత్రులు దర్వాజ అంటారని తెలుసు, చేర్చాను. మిగిలినవారు చెప్పండి: మీ ఊళ్ళో మూసిన తలుపు ముందు నిలబడితే ఏమని అంటారు?