పేరా, నేరమా?

సాంగో భాషలో 'సెలెకా' అను మాటకు కూటమి అని అర్థము. పదిమంది కూడి ఒక పనికి పూనుకొనుటను తెలుపు ఆ మాట, 2013 మార్చి 24వ తేదీన మధ్య ఆఫ్రికా గణతంత్రపు రాజధాని బాంగీ నగరమును పట్టుకొన్న సాయుధ దళములకు పేరైనది. ఆపైన ఆ మాట చెవినబడగనే పల్లెలు ఖాళీ అయి అడవిలో దాగినవి. అదే భాషలో ఇంకొక వాక్యము కలదు: 'జో క్వే జో'. ప్రతి మనిషియు మనిషియే అని దాని తాత్పర్యము. ఫ్రెంచి పాలననుండి దేశమును స్వాతంత్ర్యమువైపు నడిపించిన బార్తెలెమీ బొగాండా ఇచ్చిన వాక్యమది. ఆయన మొదట కథోలిక గురువు, పిదప రాజకీయ నాయకుడు. స్వాతంత్ర్యము 1960 ఆగస్టు 13న వచ్చినది. ఆయన దానిని చూడలేదు. 1959 మార్చిలోనే విమాన ప్రమాదమున మరణించినాడు. వాక్యము మాత్రము రాజ్యచిహ్నముపై నిలిచినది. రెండు మాటలును ఒకే భాషవి. ఆ భాషను మసీదుకు పోవువారును మాట్లాడుదురు, చర్చికి పోవువారును మాట్లాడుదురు.

అక్కడ జరిగినదానిని మతయుద్ధమని చెప్పి ఊరకుండుట సులభము. బైబిలు పట్టినవాడు ఒకవైపు, ఖురాను పట్టినవాడు ఇంకొకవైపు అని చిత్రించినచో వ్రాయువానికిని చదువువానికిని శ్రమ ఉండదు. కాని ఆ కథకు మొదలు గ్రంథములలో లేదు. దేశపు ఈశాన్యభాగము చాడ్, సూడాన్ సరిహద్దులను ఆనుకొని ఉన్నది. అక్కడ ముస్లిములు ఎక్కువ. దేశము మొత్తముమీద మాత్రము వారు అల్పసంఖ్యాకులు. బాంగీలోని ప్రభుత్వములు తమ సీమను పట్టించుకొనలేదని, రోడ్లకు బడులకు ఆసుపత్రులకు నోచుకొననీయలేదని వారి చిరకాల ఫిర్యాదు. వజ్రపు గనులమీద, పశువుల మేతదారులమీద, రాజధానిలోని కుర్చీమీద ఆశగలవారు ఆ ఫిర్యాదును ఆయుధముగా చేసికొన్నారు. 2012 చివర బయలుదేరిన సెలెకాలో సరిహద్దు ఆవలి యోధులును చేరినారు. అధ్యక్షుడు ఫ్రాంస్వా బోజిజే పారిపోయినాడు. మిషెల్ జొతోజియా ఆ పీఠమెక్కి దేశపు మొదటి ముస్లిము అధ్యక్షుడైనాడు. ఆయన మాట దళములలో చెల్లలేదు. వారి దోపిడికి, దహనములకు, హత్యలకు గురియైన పల్లెలు చాలవరకు క్రైస్తవులవి.

ఆ ఏటి సెప్టెంబరు నాటికి ఎదురు దళములు లేచినవి. వారికి 'ఆంటీ బలకా' అని పేరు. చేత నాటుతుపాకి, కత్తి, మెడలో తాయెతులు. ఆ తాయెతులు ఉన్నంతవరకు తుపాకిగుండు తగులదని వారి నమ్మకము. ఆ నమ్మకమును ఏ సువార్తలో చదివినారో చెప్పగల క్రైస్తవ గురువు ఎవడును లేడు. అయినను లోకము వారిని క్రైస్తవసేన అన్నది. 2013 డిసెంబరు 5న వారు బాంగీపై పడినారు. తరువాతి దినములలో ఉభయపక్షముల చేతులలో వందలమంది చనిపోయినారు. విమానాశ్రయము పక్కన మైదానములో లక్షమంది వరకు, అందులో ఎక్కువమంది క్రైస్తవులు, తలదాచుకొన్నారు. జనవరిలో జొతోజియా గద్దె దిగగనే గాలి తిరిగినది. లక్షకు పైబడి ఉండిన బాంగీ ముస్లిములు 2014 మార్చి నాటికి వేయిమంది లోపు మిగిలినారని ఐక్యరాజ్యసమితి అధికారులు ప్రకటించినారు. దేశమందలి 436 మసీదులలో 417 నాశనమైనవని మరుసటి మార్చిలో అమెరికా రాయబారి చెప్పిన లెక్క. వర్తకము అధికభాగము ముస్లిముల చేతిలోనిది. వారు వెడలిపోగా బజారులు మూతపడినవి. తరిమినవాని ఇంటను పొయ్యి సరిగా వెలుగలేదు.

బొసాంగోవా అను పట్టణములో 2013 చివర కనబడిన దృశ్యము ఉపాధ్యాయులు ప్రత్యేకముగా తలపోయదగినది. కథోలిక చర్చి ఆవరణములో ముప్పదివేలకు పైగా క్రైస్తవులు, సెలెకాకు భయపడి. అదే ఊరిలో ఒక పాఠశాలలో వేలమంది ముస్లిములు, ఆంటీ బలకాకు భయపడి. ఆ పాఠశాల పేరు 'లిబెర్తే'. ఫ్రెంచిలో స్వేచ్ఛ అని అర్థము. బల్లలు తీసిన గదులలో కుటుంబములు పడుకొన్నవి. ఇటువారు అటు అడుగుపెట్టిన చావు, అటువారు ఇటు అడుగుపెట్టిన చావు. మొన్నటివరకు ఒకే అంగడిలో బేరమాడినవారు ఉభయులును. ఇద్దరి భయమును ఒక్కటే, ఇద్దరి ఆకలియు ఒక్కటే. వీరిలో ఎవరు ఎవరిని చంపినారు? దాదాపు ఎవరును ఎవరిని చంపలేదు. చంపినవారు బయట కత్తులతో తిరుగుచున్నారు.

2014 ఫిబ్రవరి 5న తాత్కాలికాధ్యక్షురాలు కాతరీన్ సాంబా పాంజా రాజధానిలో సైనికుల యెదుట ప్రసంగించి, తిరిగి నిలబడుచున్న జాతీయ సేనను చూచి గర్వించుచున్నానని చెప్పి వెడలినది. కొన్ని నిమిషములకే సైనిక దుస్తులలో ఉన్నవారు గుంపులోని ఒక మనిషిని పట్టి, వీడు సెలెకావాడని అరచి, అక్కడికక్కడే కొట్టి చంపినారు. పత్రికలవారు చూచుచునే ఉన్నారు. ఆ మనిషి నిజముగా సెలెకావాడా, అయినచో ఏమి చేసినాడు, ఎవరిని చేసినాడు? అడిగినవాడు లేడు. చట్టమును కాపాడవలసిన దుస్తులు తొడిగినవారికే ఆ ప్రశ్న తోచలేదు. దేశమంతట జరిగిన చంపుళ్ళన్నిటికిని ఇది నమూనా. పేరేమి, ఏ పేటవాడవు, ఏ దేవుని కొలుతువు అని అడిగినారు గాని నీవేమి చేసినావు అని అడుగలేదు.

తరగతిలో ఒక పిల్లవాడు కిటికీ అద్దము పగులగొట్టినాడనుకొందము. ఎవరో తేల్చు ఓపిక లేక మాస్టరు తరగతి మొత్తమును బల్లలెక్కించి బెత్తము ఆడించినచో ఏమగును? అంతవరకు ఆ పిల్లవానిపై కోపముగా ఉన్న మిగిలినవారందరు ఆ క్షణమునుండి వాని పక్షము వహింతురు. వాడు వీరుడగును. మరునాడు ఇంకొక అద్దము పగులును, పేరు చెప్పువాడు ఉండడు. అనుభవమున్న ఏ ఉపాధ్యాయునికైనను ఇది తెలియును. దళనాయకులకును ఇది బాగుగా తెలియును. తన నేరమునకు తన మతస్థులందరును దెబ్బతినవలెనని కోరుకొనువాడు వాడే. అట్లయిననే గదా వారు వాని వెనుక దాగుటకు వత్తురు, వాడు వారి వెనుక దాగుటకు వీలగును! సమాజమునకు సమాజము నేరము మోయుచుండగా నేరస్థుడు తేలికగా తిరుగును.

ఈ కిటుకును కనిపెట్టి ఎదిరించినవారు ఆ దేశములో ముగ్గురు మతపెద్దలు: ఆర్చిబిషప్ ద్యూదొనె న్జపలైంగా, ఇమాము ఒమర్ కొబీన్ లయామా, పాస్టరు నికొలా గెరెకొయామె. సెలెకా రాజధాని చేరకమునుపే వీరు ఒక సర్వమత వేదిక కట్టినారు. పోరు ముదిరిన తరువాత ముగ్గురును కలిసి ఊరూరు తిరిగి, ఇది మా మతముల పోరు కాదు, మా మతముల పేరు వాడుకొన్నవారి పోరు అని చెప్పినారు. 2013 డిసెంబరులో ప్రాణభయము కలిగినప్పుడు ఇమాము సకుటుంబముగా ఆర్చిబిషప్ ఇంటిలో కొన్ని నెలలు ఉన్నాడు. బొసెంతెలె పట్టణములో కథోలిక మిషను ఆసుపత్రి నడిపిన టోగో దేశస్థుడు ఫాదర్ బెర్నార్ కీన్వీ మొదట గాయపడిన సెలెకా యోధులకు కట్లు కట్టినాడు. ఆంటీ బలకా వచ్చి ముస్లిములను చంపనారంభించినప్పుడు వేయిమందికి పైగా ముస్లిములను మిషనులో దాచినాడు. ఇట్టివారిని పొగడి ఊరకుండుట తగదు. వారు పొగడ్త అడుగలేదు, న్యాయస్థానము అడిగినారు. మతపెద్దలు క్షమను బోధింతురని అందరు ఎరుగుదురు. ఈ మతపెద్దలు క్షమతోపాటు విచారణను కోరినారు. విశేషము అక్కడ ఉన్నది.

కోరుటకు కారణము దేశచరిత్రలో ఉన్నది. అంతకుమునుపటి తిరుగుబాట్ల తరువాత 2008లో ఒప్పందము కుదిర్చి, సర్వులకును క్షమాభిక్ష శాసనము చేసినారు. తుపాకి పట్టినవానికి దండన లేదు, దెబ్బ తిన్నవానికి ఓదార్పు లేదు. కొన్ని ఏండ్లకే తుపాకులు మరల పైకి వచ్చినవి. ఎద్దుపుండు కాకికి ముద్దా అని సామెత. చర్చల బల్ల చుట్టు కూర్చున్నవారు క్షమించివేసినది తమ పుండును కాదు. 2015 మేలో బాంగీలో జాతీయ సదస్సు కూడినది. దేశము నలుమూలలనుండి వచ్చిన ఆరువందలమంది వరకు ప్రతినిధులు, ఉభయ మతములవారు, ఈసారి క్షమాభిక్ష వలదని తీర్మానించినారు. మరుసటి నెలలోనే ప్రత్యేక క్రిమినల్ న్యాయస్థానమునకు శాసనము వచ్చినది. స్వదేశ న్యాయమూర్తులును విదేశ న్యాయమూర్తులును కలిసి కూర్చుండునట్లు దానిని ఏర్పరచినారు.

అయినను పాత అలవాటు పోలేదు. 2019 ఫిబ్రవరిలో పదునాలుగు దళములతో ఒప్పందము చేసికొన్న ప్రభుత్వము, మార్చిలో కొందరు దళనాయకులను ప్రధానమంత్రి కార్యాలయమునకు సైనిక సలహాదారులుగా నియమించినది. వారిలో '3ఆర్' అను దళపు నాయకుడు ఒకడు. రెండు నెలలు గడిచినవి. మే 21న కుంజిలి, లెమూనా మొదలగు గ్రామములలో ఆ దళమువారు 46 మంది గ్రామస్థులను చంపినారు. పదవి ఇచ్చి కొన్న శాంతి వెల ఇది. ప్రత్యేక న్యాయస్థానపు మొదటి తీర్పు ఈ హత్యలపైననే: 2022 అక్టోబరు 31న ఆ దళమువారు ముగ్గురు దోషులని తేలినది.

హేగ్ నగరమందలి అంతర్జాతీయ క్రిమినల్ న్యాయస్థానములో ఆంటీ బలకా నాయకులు ఇద్దరిని నాలుగేండ్లకు పైగా విచారించినారు. అల్ఫ్రెడ్ యెకాటోమ్ ఒకప్పటి సైనికుడు, పిదప పార్లమెంటు సభ్యుడు. పాత్రీస్ ఎద్వార్ న్గైసోనా దేశపు ఫుట్‌బాల్ సంఘమునకు అధ్యక్షుడుగా ఉండినవాడు. సెలెకా చేసినదానికి ముస్లిములందరును బాధ్యులని ఎంచి, నిరపరాధులను వేటాడించినారని వారిపై మోపబడిన అభియోగపు సారము. 2025 జులై 24న తీర్పు వచ్చినది: మొదటివానికి 15 ఏండ్లు, రెండవవానికి 12 ఏండ్లు. బాలురను సైన్యములో చేర్చినాడను అభియోగము యెకాటోమ్‌పై రుజువు కాలేదని న్యాయమూర్తులు దానిని కొట్టివేసినారు. ఆ కొట్టివేతను విద్యార్థులు గమనింపవలెను. ఇంతటి నేరములు చేసినవాడైనను చేసినంతకే దండన. రుజువు కానిది లెక్కలోనికి రాదు. సైనికుల యెదుట 2014లో చచ్చిన ఆ మనిషికి దొరకనిది ఇదియే. ఇక సెలెకావైపు ఒకప్పటి నాయకుడు మహమత్ సయీద్ అబ్దెల్ కానీపై, నిర్బంధములో ఉన్నవారిని హింసించినాడని, హేగ్‌లోనే 2022 సెప్టెంబరున విచారణ ప్రారంభమైనది. ఈ కేసులలో నిందితులు మనుష్యులు. క్రైస్తవమును ఇస్లామును ఎవరును బోనులో నిలుపలేదు.

ఇదంతయు సవ్యముగా సాగుచున్నదని మాత్రము చెప్పరాదు. 2018 నవంబరులో అలిందావ్‌లో కథోలిక మిషను పక్కనున్న శరణార్థుల శిబిరముపై మునుపటి సెలెకాకు చెందిన దళము పడి, డెబ్బదిమందికి తక్కువ కాకుండ చంపినది. మృతులలో గురువులు ఇద్దరు. ఆ కేసులో 2021 నవంబరులో అధికారములో ఉన్న మంత్రి ఒకరిని ప్రత్యేక న్యాయస్థానము అరెస్టు చేయించినది. వారమునకే జెండార్మ్ బలగము న్యాయస్థానపు ఉత్తరువును ధిక్కరించి ఆయనను జైలునుండి ఇంటికి చేర్చినది. ఆయన మరల మంత్రిగనే కొనసాగినాడు. ఆయన దోషియా కాదా అన్నది వేరు మాట. తేల్చవలసిన చోట తేల్చనీయలేదు. బోజిజేపై, ఆయన పాలనలో అంగరక్షక దళము చేసిన ఘోరములకుగాను, 2024 ఏప్రిల్‌లో అదే న్యాయస్థానము వారంటు ప్రకటించినది. ఆయన అప్పటికి గినీ బిస్సావులో ఉన్నాడు. ఆయనను అప్పగింపమని ఆ దేశాధ్యక్షుడు అప్పుడు చెప్పినాడు.

ఇమాము కొబీన్ 2020 నవంబరులో మరణించినాడు. న్జపలైంగా కార్డినల్ అయినాడు. ప్రత్యేక న్యాయస్థానపు గడువును పెంచుచు చేసిన శాసనము ప్రకారము అది 2028 అక్టోబరు వరకు ఉండును. బోజిజే 1946లో పుట్టినవాడు. అప్పటికి ఆయనకు 82 ఏండ్లు నిండును. బొసాంగోవా పాఠశాలలో తల్లి పక్కన పడుకొన్న పిల్లలకు అప్పటికి సాక్ష్యము చెప్పు వయసు వచ్చి ఉండును.